అయస్కాంతం అంటుకుంటే కాలిపర్ నకిలీదా?

ప్రశ్న: మాది లేత్, ఫిట్టింగ్ పనులు చేసే చిన్న వర్క్‌షాపు. ఆరు నెలల కిందట కొన్న 150 మి.మీ. వెర్నియర్ కాలిపర్ మీద గోధుమరంగు చుక్కలు పడుతున్నాయి. దాని మీద ‘స్టెయిన్‌లెస్ హార్డెన్డ్’ అని రాసి ఉంది. అయస్కాంతం పెట్టి చూస్తే టక్కున అంటుకుంది. ఇది నకిలీ సరుకేనా? ఈసారి బంగారు రంగు ‘టైటానియం’ కాలిపర్ తీసుకోమని ఒకరు, కార్బైడ్ మొనలున్నది తీసుకోమని మరొకరు అంటున్నారు. తుప్పు పట్టిన మూలమట్టాన్ని వెనిగర్‌లో నానబెట్టవచ్చా? అసలు తుప్పు గొడవే లేకుండా స్కేళ్ల వరకు అల్యూమినియానికి మారిపోతే ఎలా ఉంటుంది?

సమాధానం: ముందు అయస్కాంతం సంగతి తేల్చేద్దాం. అంటుకున్నంత మాత్రాన అది నకిలీ కాదు. కాలిపర్ విషయంలో అయస్కాంతం అంటుకోకపోతేనే అనుమానించాలి.

స్టెయిన్‌లెస్ ఉక్కు అంతా ఒకే రకం కాదు. సింకులకు, గిన్నెలకు, రెయిలింగులకు వాడేది 304 రకం. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దానికి అయస్కాంతం అంటదు (వంచిన చోట, సాగదీసిన చోట కొద్దిగా అంటవచ్చు). తుప్పును బాగా తట్టుకుంటుంది. కానీ దాన్ని కొలిమిలో పెట్టి ఎన్నిసార్లు చల్లార్చినా గట్టిపడదు. అలాంటి మెత్తటి లోహంతో కాలిపర్ దవడలు చేస్తే, రోజుకు వందసార్లు జాబ్‌ను (కొలిచే ముక్కను) పట్టి వదిలే పనిలో కొద్ది నెలల్లోనే అరిగిపోతాయి. అందుకే కాలిపర్లకు వాడేది 420 కుటుంబానికి చెందిన ఉక్కు. అందులో క్రోమియం 12 నుంచి 14 శాతం, కార్బన్ సుమారు 0.3 శాతం. 1000 డిగ్రీల దగ్గరకు వేడిచేసి చల్లారిస్తే, తక్కువ వేడి మీద టెంపర్ చేసిన (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేసిన) తర్వాత కూడా రాక్‌వెల్ సి కొలతలో 50 దాటిన గట్టిదనం నిలుస్తుంది. ఈ ఉక్కుకు అయస్కాంతం గట్టిగానే అంటుతుంది. మీ పరికరం మీద ‘స్టెయిన్‌లెస్’ పక్కన ‘హార్డెన్డ్’ అని ఉందంటే ఈ రకమే అయి ఉండాలి.

మరి చుక్కలెందుకు పడ్డాయి? గట్టిదనానికి మూల్యం అదే. ఉక్కులోని కార్బన్ కొంత క్రోమియాన్ని తనతో కలుపుకుని కార్బైడ్ కణాలుగా పట్టి ఉంచుతుంది. ఉపరితలం మీద రక్షణ పొర కట్టేది మిగిలిన క్రోమియమే. అందుకే 420 రకం 304తో పోలిస్తే తుప్పుకు తేలిగ్గా లొంగుతుంది. ముఖ్యంగా చెమటలోని ఉప్పు దానికి శత్రువు. తడి వేళ్లతో ముట్టుకుని తుడవకుండా పెట్టెలో పడేస్తే, వేలి ముద్ర ఆకారంలోనే తుప్పు మొలుస్తుంది.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు. మీ దగ్గర గ్రైండర్ ఉంటే దీన్నే ముందు అనుమానించండి. గాలిలో తేలి వచ్చే సన్నటి ఇనుప రజను కాలిపర్ మీద పడి, తేమకు తానే తుప్పు పట్టి, అక్కడే అతుక్కుపోతుంది. చూడటానికి కాలిపర్ తుప్పు పట్టినట్టే ఉంటుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కల పలుచటి మిషన్ ఆయిల్ వేసి చుక్క మీద నిమిషం పాటు రుద్దండి. చుక్క పూర్తిగా పోయి కింద లోహం నున్నగా ఉంటే అది బయటి రజను. భూతద్దంలో చూసినప్పుడు సూదితో పొడిచినట్టు సన్న గుంట కనిపిస్తే అది కాలిపర్‌దే. గుంట బీమ్ (స్కేలు గీతలున్న పొడవాటి పట్టీ) మీద ఉంటే కొలతకు నష్టం లేదు. దవడ లోపలి ముఖం మీద ఉన్నా, గుంట అంచు పైకి లేవనంత వరకు కొలత మారదు. లేచిందేమోనన్నదే చూసుకోవాలి.

అది చూడటానికి దవడలు శుభ్రంగా తుడిచి, పూర్తిగా మూసి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టండి. రెండు ముఖాల మధ్య 2, 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సందున్నా వెలుగు సన్నటి గీతలా కనబడుతుంది. మొన దగ్గర మూసుకుని దవడ మొదలు దగ్గర వెలుగు వస్తే ఏదో పైకి లేచి అడ్డుపడుతోందన్న మాట, లేదా దవడ వాలింది. మధ్యలో మాత్రమే వెలుగు వస్తే అక్కడ అరిగింది. ఒకే చోట గుండ్రటి కడ్డీలు కొలిచేవాళ్ల కాలిపర్లలో ఈ అరుగుదల తరచుగా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. అయస్కాంత పరీక్షను దవడల మీద చేయకండి. గట్టిపడ్డ ఉక్కు అయస్కాంత శక్తిని పట్టి ఉంచుకుంటుంది. తర్వాత సన్నటి ఇనుప పొడిని లాక్కుంటూ ఉంటుంది, జీరోలోనే 0.02 మి.మీ. తేడా చూపడం మొదలుపెడుతుంది. చూడాలనుకుంటే బీమ్ చివర చిన్న అయస్కాంతంతో చూడండి. మాగ్నెటిక్ చక్ (జాబ్‌ను అయస్కాంతంతో పట్టి ఉంచే బల్ల) దగ్గర పెట్టిన కాలిపర్‌కూ ఇదే జరుగుతుంది. పొడి అంటుకోవడం మొదలైతే డీమాగ్నెటైజర్ (అయస్కాంత శక్తిని తీసేసే కరెంటు పరికరం) మీద నెమ్మదిగా దాటించి దూరంగా తీసుకెళ్లాలి. దాని మీద నుంచి దూరంగా తీయకుండా కరెంటు ఆపేస్తే మళ్లీ అయస్కాంతం అవుతుంది.

ఇక బంగారు రంగు. దాన్ని ‘టైటానియం’ అంటారు కానీ కాలిపర్ టైటానియంతో చేసింది కాదు. ఉక్కు మీద వేసిన టైటానియం నైట్రైడ్ పూత అది. శూన్యం చేసిన గదిలో టైటానియాన్ని ఆవిరి చేసి నైట్రోజన్‌తో కలిపి వేస్తారు. మందం సాధారణంగా 1 నుంచి 5 మైక్రాన్లు. గట్టిదనం వికర్స్ కొలతలో 2000 పైనే. గట్టిపరచిన కాలిపర్ ఉక్కు 550 దరిదాపుల్లో ఉంటుందనుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ఈ పూత వల్ల నిజమైన లాభం స్లైడర్ జారే బీమ్ అంచుల మీద కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాచుకుంటే ఒకదాన్నొకటి పట్టి గీతలు పెట్టుకునే గుణం ఉంది. పూత ఆ పట్టును తగ్గిస్తుంది, స్లైడర్ నున్నగా జారుతుంది, అంచు త్వరగా అరగదు.

కానీ దాని పరిమితి కూడా అక్కడే ఉంది. 3 మైక్రాన్ల పూత తన బరువు తాను మోయలేదు. కింద ఉక్కు మెత్తగా ఉంటే, చిన్న దెబ్బకు ఉక్కు లోపలికి నొక్కుకుపోతుంది, పైన గట్టి పూత గుడ్డు పెంకులా పగులుతుంది. పైన పటారం లోన లొటారం అన్నట్టు, మెత్తటి ఉక్కు మీద మెరిసే పూత వేసిన పరికరాలు లేకపోలేదు. పెట్టె మీద కేవలం ‘టైటానియం’ అని ఉండి, ‘హార్డెన్డ్’ అన్న మాట ఎక్కడా లేకపోతే వదిలేయండి. బంగారు రంగు వల్ల తుప్పు రాదన్న హామీ కూడా లేదు. పూతలో కంటికి కనిపించని సూది బెజ్జాలుంటాయి. తేమ వాటిలోంచి దిగి కింద ఉక్కును తింటుంది.

ఈ పూత ఎక్కువ అర్థవంతంగా పనిచేసేది ప్లగ్ గేజ్‌ల (రంధ్రం సైజు సరిచూసే కడ్డీల) మీద. బంగారు రంగు పోయి ఉక్కు తెలుపు బయటపడితే గేజ్ అరిగిందని చూడగానే తెలుస్తుంది. కొలవకుండానే వచ్చే హెచ్చరిక అది.

కార్బైడ్ మొనలు మాత్రం పూత కాదు. కోబాల్ట్ జిగురుతో పట్టి ఉంచిన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కను దవడ ముఖానికి వెండి కలిసిన టాకాతో అతికిస్తారు. అది మి.మీ. లెక్కలో మందం ఉన్న ఘన పదార్థం కాబట్టి పూతలా పెంకు లేవదు. అరుగుదల ఉండేచోట దీని ముందు ఏ పూతా నిలవదు. పోతపోసిన ఇనుము, గ్రైండింగ్ అయిన గట్టి జాబులు, ఇసుక అంటిన కాస్టింగులు రోజూ కొలిచేవాళ్లకు నా సలహా కార్బైడే. లేత్ మీద మెత్తటి ఉక్కు, ఇత్తడి, అల్యూమినియం మాత్రమే కొలిస్తే మామూలు గట్టిపరచిన కాలిపర్ ఏళ్ల తరబడి సరిపోతుంది, డబ్బు దండగ చేయకండి.

మైక్రోమీటర్ (మర తిప్పి ఇంకా సన్నగా కొలిచే పరికరం) కొంటే మాత్రం కార్బైడ్ ముఖాలున్నదే తీసుకోండి. కాలిపర్‌లో 0.02 మి.మీ. చదివేచోట 5 మైక్రాన్ల అరుగుదల పట్టింపు కాదు. 0.01 మి.మీ. విభాగాన్ని కంటితో సగం చేసి చదివే మైక్రోమీటర్‌లో అదే 5 మైక్రాన్లు సగం గీత. స్పిండిల్ (మరతో కదిలే కడ్డీ) ముఖం చాలా చిన్నది, ఒకే చోట మళ్లీ మళ్లీ తాకుతుంది. కార్బైడ్‌కు ఉన్న బలహీనత పెళుసుదనం. కింద పడితే అంచు చిట్లుతుంది. అంచున చిన్న పెచ్చు ఊడినా ముఖం సమతలంగా ఉంటే పని ఆగదు, 25 మి.మీ. సెట్టింగ్ కడ్డీతో చూసి సరిగా ఉంటే వాడుకోవచ్చు. ఆమ్లంతో మాత్రం కడగకండి, కోబాల్ట్ కరిగి కణాలు వదులవుతాయి.

మైక్రోమీటర్ ఫ్రేము మీద మందపాటి రంగు, దాని మీద ప్లాస్టిక్ పట్టీలు అందం కోసం కాదు. చేతి వేడి ఫ్రేములోకి పోకుండా ఆపుతాయి. 100 మి.మీ. ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే 1 మైక్రాన్ పైచిలుకు పెరుగుతుంది. పెద్ద మైక్రోమీటర్‌ను పట్టీ వదిలేసి ఇనుము మీద పట్టుకుని పది నిమిషాలు కొలిస్తే ఆ పెరుగుదల కొలతలో చేరిపోతుంది.

మిగిలిన పూతల గురించి రెండు మాటలు. మంచి స్కేళ్ల మీద కనిపించే మసక వెండి రంగు శాటిన్ క్రోమ్. అది తుప్పును ఆపడంతోపాటు దీపం కాంతి కళ్లలో కొట్టకుండా చూస్తుంది, గీతలు అందుకే స్పష్టంగా కనిపిస్తాయి. మెరిసే క్రోమ్ స్కేలు చూడటానికి బాగుంటుంది, చదవడానికి చిరాకు. నల్లగా ఉండే బ్లాక్ ఆక్సైడ్ ఒక మైక్రాన్ అటూ ఇటూ మందం ఉన్న ఇనుప ఆక్సైడ్ పొర. దానికదిగా తుప్పును ఆపలేదు, నూనెను పట్టి ఉంచడమే దాని పని. నూనె ఆరిపోయిన నల్లటి మూలమట్టం తుప్పు పట్టిందంటే తప్పు పూతది కాదు.

వెనిగర్ దగ్గరికి వద్దాం. వద్దు. వెనిగర్ తుప్పును కరిగిస్తుంది, నిజమే. అయితే తుప్పు అయిపోయాక ఆగదు, మంచి ఉక్కును కూడా తినడం మొదలుపెడుతుంది. సరిగ్గా మీకు కావలసిన అంచు దగ్గరే మొదలుపెడుతుంది. గీతల్లోని నలుపు ఊడుతుంది. మూలమట్టం బ్లేడు, మొద్దు (మందపాటి పిడి) కలిసే సందులోకి ఆమ్లం దూరితే కడిగినా బయటికి రాదు, లోపలి నుంచి తుప్పు నడుస్తూనే ఉంటుంది. గట్టిపరచిన పలుచటి ఉక్కు ఆమ్లంలో హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతుంది, తర్వాత వంచినప్పుడు విరుగుతుంది. స్ప్రింగ్ టెంపర్ స్కేళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

బదులు ఇలా చేయండి. మూలమట్టం వెడల్పు ముఖాల మీద పలుచటి నూనె రాసి ఒక గంట వదిలేయండి. 0000 నంబరు ఉక్కు ఊలుతో పొడవు వెంబడి, ఒకే దిశలో, తేలిగ్గా రుద్దండి. గుండ్రంగా తిప్పితే గీతలు అడ్డంగా పడి స్కేలు చదవడానికి ఇబ్బంది. నూనె గోధుమరంగులోకి మారగానే తుడిచి కొత్త నూనె వేయండి, లేకపోతే ఊడిన తుప్పే గరుకు కాగితంలా పనిచేస్తుంది. తుప్పు పోయినచోట బూడిదరంగు మచ్చ మిగిలితే మిగలనివ్వండి. దాన్ని తెల్లబరచాలని పూనుకున్నవాళ్లే పరికరాన్ని పాడుచేస్తారు.

అంచుల మీద ఊలు గానీ, ఎమరీ కాగితం గానీ ఆడించకండి. చేత్తో రుద్దితే అంచు నున్నగా కనబడుతుంది కానీ మధ్యలో ఉబ్బి, చివర్లలో వాలుతుంది. లేచిన ముల్లు మాత్రం తీయాలంటే, సమతలంగా ఉన్న సన్నరకం నూనె రాయిని అంచు మీద పూర్తిగా ఆనించి, బరువు పెట్టకుండా రెండు మూడుసార్లు జరపండి. రాయి ముల్లును మాత్రమే తీస్తుంది, కిందికి దిగదు.

తర్వాత మూల సరిగా ఉందో లేదో చూడటానికి కొత్త పరికరం అక్కర్లేదు. నిటారు అంచున్న పలక మీద మొద్దును ఆనించి సన్నటి గీత గీయండి. మూలమట్టాన్ని తిరగేసి అదే చోటి నుంచి ఇంకో గీత గీయండి. 150 మి.మీ. దూరంలో రెండు గీతల మధ్య 0.2 మి.మీ. తేడా వస్తే, అసలు దోషం అందులో సగం, అంటే 0.1 మి.మీ. ఆమాత్రం కొయ్యపనికి చాలు. ఫిట్టింగ్ పనికి చాలదు, దాన్ని పక్కన పెట్టేయండి.

స్కేలు గీతలు వెలిసిపోతే మళ్లీ నింపుకోవచ్చు, అయితే అవి చెక్కిన గీతలై ఉండాలి. గోటిని అడ్డంగా జరపండి. గోటికి గీత తగిలితే అది ఆమ్లంతో చెక్కింది. నున్నగా జారిపోతే పైన ముద్రించిందే, అది పోతే పోయినట్టే. చెక్కిన దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు పూర్తిగా తీసి, నల్ల ఎనామెల్ రంగును వేలితో గీతల్లోకి అద్ది, గట్టి అట్టముక్కతో గీతలకు వాలుగా గీకేయండి. గీతల వెంబడి గీకితే లోపలి రంగు కూడా లేచొస్తుంది. ఒక రాత్రి ఆరనిచ్చి, పైన మిగిలిన పొరను పొడి గుడ్డతో రుద్దండి. మెటల్ పాలిష్ జోలికి పోకండి, నలుపునూ తీస్తుంది, మసక క్రోమ్‌ను మెరుపుగా మార్చి పాడుచేస్తుంది.

అల్యూమినియం స్కేలు తుప్పు పట్టదు, తేలిక, గుర్తులు పెట్టే పనికి బాగానే ఉంటుంది. దాని మీద రంగు పూతలా కనిపించేది అనొడైజింగ్, అంటే అల్యూమినియాన్నే ఆక్సైడ్‌గా మార్చిన పొర. పొర గట్టిదే, కింద లోహం మెత్తన. కత్తిని అంచుకు ఆనించి కోస్తే కత్తి ఆ స్కేలు అంచును తినేస్తుంది. స్క్రైబర్ (లోహం మీద గీత గీసే సూది) కూడా అంతే. ఇంకో చిక్కు వేడి. కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు, ఉక్కు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతాయి. గదిలో 35 డిగ్రీలుంటే 600 మి.మీ. అల్యూమినియం స్కేలు 0.2 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు స్కేలు 0.1 మి.మీ. పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఉక్కు జాబును ఉక్కు స్కేలుతో, రెండూ ఒకే వేడిలో ఉండగా కొలిస్తే, రెండూ సమానంగా సాగి ఉంటాయి కాబట్టి తేడా దాదాపు పోతుంది. అల్యూమినియం జాబును ఉక్కు కాలిపర్‌తో కొలిచినప్పుడు పోదు. 35 డిగ్రీల దగ్గర 200 మి.మీ. అల్యూమినియం జాబు నిజం కంటే దాదాపు 0.035 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. లేత్ మీద నుంచి అప్పుడే తీసిన వేడి జాబైతే చెప్పనక్కర్లేదు. జాబునూ పరికరాన్నీ ఒకే ఇనుప పలక మీద అరగంట పక్కపక్కన పెట్టడం ఖరీదైన పూత కంటే ఎక్కువ నిక్కచ్చితనం ఇస్తుంది.

వేడికి సాగని లోహం లేదా అని మీకు అనుమానం రావచ్చు. దాదాపు ఉంది. 36 శాతం నికెల్ కలిసిన ఇన్వార్ అనే ఉక్కు. 1896లో షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్ కనిపెట్టాడు, నికెల్ ఉక్కుల మీద చేసిన ఆ పనికి 1920లో ఆయనకు నోబెల్ వచ్చింది. డిగ్రీకి మీటరుకు ఒక మైక్రాన్ చిల్లర మాత్రమే సాగుతుంది. భూమి సర్వేలలో ఆధార రేఖలు కొలిచే టేపులకు వాడారు. కానీ మెత్తన, తుప్పు పడుతుంది, రోజువారీ దవడలకు పనికిరాదు.

టేపు గురించి మీరడగలేదు గానీ, పూత నిజంగా ఆయుష్షును నిర్ణయించేది అక్కడే. టేపు బ్లేడు మామూలు కార్బన్ స్ప్రింగ్ ఉక్కు, స్టెయిన్‌లెస్ కాదు. గీతలు రంగుతో ముద్రించినవి, వాటి మీద లక్క గానీ నైలాన్ గానీ పొర ఉంటుంది. బయట పనికి నైలాన్ పొర ఉన్నది చూడండి. మొదట పోయేది కొక్కెం పక్కన ఉన్న 10, 15 సెం.మీ. కొక్కెం కాస్త వదులుగా కదులుతుంటే బిగించకండి, లోపలి కొలతకూ బయటి కొలతకూ దాని మందమంత తేడా సరిచేయడానికే అలా పెట్టారు. యూరప్ నిబంధనల ప్రకారం 5 మీటర్ల టేపులో మొదటి తరగతిది 0.6 మి.మీ., రెండో తరగతిది 1.3 మి.మీ. వరకు తేడా చూపవచ్చు. తరగతి బ్లేడు మొదట్లోనే ముద్రించి ఉంటుంది.

మీ కాలిపర్‌ను దాచడం విషయానికొస్తే, పని అయ్యాక పొడి గుడ్డతో తుడవండి, తర్వాత నూనె చుక్క వేసి, నూనె ఉందో లేదో తెలియనంత పలుచగా తుడిచేయండి. నూనె మందంగా ఉంటే రజనును పట్టి రాపిడి ముద్దగా మారుతుంది. పలుచటి స్ప్రేలు తడిని తరిమి త్వరగా ఆరిపోతాయి, నెలల తరబడి దాచడానికి అవి చాలవు. డిజిటల్ కాలిపర్ అయితే స్కేలు మీద నూనె వద్దు, తడి అంటితే అంకెలు గంతులేస్తాయి. పెట్టెలోని స్పాంజి తేమ పీల్చి పొడిపొడి అవుతుంటే తీసి పారేయండి. ఓక్ కొయ్య పెట్టెలు కూడా మంచివి కావు, ఆ కొయ్య నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో ఉక్కును తినేస్తుంది. తుప్పు నిరోధక ఆవిరి వదిలే కాగితాన్ని పరికరానికి దగ్గరగా పెట్టి, పెట్టె సరిగా మూసి ఉంచండి. మూత తెరిచి వదిలేస్తే ఆ ఆవిరి నిలవదు, కాగితం ఉన్నా లేనట్టే.

దాచేటప్పుడు కాలిపర్ దవడలనూ మైక్రోమీటర్ ముఖాలనూ పూర్తిగా మూయకండి, ఒక మి.మీ. సందు ఉంచండి. మూసి బిగిస్తే రెండు ముఖాల మధ్య చిక్కిన తేమ ఆరే దారి లేక సరిగ్గా కొలిచే చోటే తుప్పు పడుతుంది.